నొగ కింద చెయ్యి

జాక్‌లో ఆముదం పోసింది నేనే. చక్రాల వెనక దిమ్మలు తీసిందీ నేనే. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ తరవాత ఈ సంగతి మా ఇంట్లో చాలాసార్లు చెప్పుకున్నాం, చెప్పుకున్న ప్రతిసారీ నా తప్పు కొంచెం కొంచెం చిన్నదవుతూ వచ్చింది. మా మరదలు మర్యాదస్తురాలు, అందుకని. నేను కాదు.

డెబ్బైల చివర్లో మాట. మా తమ్ముడు న్యూజెర్సీలో ఒక ఆసుపత్రిలో సర్జన్. నా భర్త పోయాక, పిల్లలు కూడా లేని నన్ను కాగితాలు పెట్టి పిలిపించుకున్నాడు. అప్పటికి నాకు నలభై దాటాయి, అక్షరం ముక్క రాదు. మా నాన్న బాడుగకి ఎద్దులబండి తోలేవాడు. తమ్ముడు బడికి పోయే వేళకి నేను బండి ఇరుసుకి కందెన పెట్టేదాన్ని. బాధపడి చెప్పడం లేదు. వాడి పని వాడికి వచ్చింది, నా పని నాకు వచ్చింది.

ఆ రోజుల్లో కారేసుకుని నాలుగు గంటల దూరం పోతే మాకు తిండి ఉండేది కాదు. రోడ్డు పక్క హోటళ్లలో బ్రెడ్డు ముక్కలు, ఉప్పూ కారం లేని బంగాళదుంపలు. రెండు పూటలు అన్నం పడకపోతే నాకు తల తిరుగుతుంది. అది చూసి మా తమ్ముడు ఎవరో వాడేసిన ట్రైలర్ ఒకటి కొన్నాడు. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు అన్నమాట. లోపల గ్యాస్ పొయ్యి, సింకు, ఒక బల్ల. తలుపు ముందువైపు, మంచం వెనక గోడ పక్కన. నడిమధ్య కింద ఒకటే ఇరుసు, రెండు చక్రాలు. తలుపు ముందు, మంచం వెనక. ఇది గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

దాన్ని చూడగానే నాకు అర్థమైపోయింది, ఇది బండే. ముందుకి పొడుచుకొచ్చిన ఇనప చట్రాన్ని ఇక్కడివాళ్లు నాలుక అంటారట. నా నోటికి నొగ అనే వచ్చింది. ఎద్దుల్ని విప్పాక నొగ నేలకి కొట్టుకోకుండా ఊతకర్ర పెట్టినట్టే, కారు విప్పాక దీనికీ ఊత కావాలి. ఆ ఊతే జాక్. నిలువుగా ఒక ఇనప గొట్టం, అందులో ఇంకో గొట్టం, దాని లోపల పొడుగాటి మర. పైన పిడి పట్టి తిప్పితే లోపలి గొట్టం కిందకి దిగి, నేలని తన్ని నొగని ఎత్తుతుంది. వెనక్కి తిప్పితే దించుతుంది. పిడి దగ్గర రెండు పళ్లచక్రాలు, వాటిని మరకి పట్టి ఉంచే ఒక శీల. చిటికెన వేలిలో సగం ఉండదు ఆ శీల. అది లేకపోతే పిడి ఎంత తిప్పినా గాలి తిప్పినట్టే.

ఎండాకాలం మొదట్లో జాక్ కిర్రుమనడం మొదలెట్టింది. ఎవరికైనా చూపిస్తానన్నాడు తమ్ముడు. కిర్రుమంటే చూపించేదేముంది, కందెన పెట్టడమేగా. తలకి రాసుకుందామని ఊరి నుంచి తెచ్చుకున్న ఆముదం సీసా ఉంది. కాగితాలు కాల్చి మసి చేసి, ఆముదంలో కలిపి, పైన మూత విప్పి పళ్లచక్రాల మీద పోశాను. లోపలి గొట్టానికి కూడా పట్టించాను.

మా మరదలు గుమ్మంలో నిలబడి చూసింది. "వదినా, దానికి వేరే గ్రీజ్ ఏదో ఉంటుందేమో. మాన్యువల్ కాగితం డ్రాయర్‌లో ఉంది, చదువుతాను ఉండండి."

"చదివి ఏం చేస్తావు. కారు సంగతి నీకు తెలుసు, బండి సంగతి నాకు తెలుసు."

ఆమె లోపలికి పోయింది. ఆ కాగితం డ్రాయర్‌లోనే ఉండిపోయింది. చదువు రాని నేను చదవలేదు, చదువు వచ్చిన వాళ్లిద్దరూ చదవలేదు. ఎండాకాలమంతా పిడి ఒంటిచేత్తో తిరిగింది. నేను గొప్పలు కూడా పోయాను.

బండి ఇరుసు రోజూ తిరుగుతుంది. వేడెక్కుతుంది. పాత కందెన తుడిచి కొత్తది పెడుతూనే ఉంటాం. ఈ జాక్ అట్టా కాదు, నెలల తరబడి కదలకుండా నిలబడి ఉంటుంది. లోపల ఆముదం దుమ్ము పట్టి, చలికి ముద్దకట్టి, బంక అయిపోతుంది. ఆ ఆలోచన నాకు రాలేదు.

దసరాకి పెన్సిల్వేనియా కొండల్లో ఉన్న గుడికి పోదామని బయల్దేరాం. మధ్యలో ట్రైలర్లు ఆపుకునే కాంప్‌గ్రౌండ్‌లో ఒక రాత్రి పడుకుని, తెల్లారి గుడికి చేరాలని లెక్క. ఆ రోజు నవమి, ఆయుధపూజ. నేను పసుపూ కుంకుమా, అరడజను నిమ్మకాయలూ సంచిలో పెట్టుకున్నాను. సంచి చూసి మరదలు కారులోనే మొదలెట్టింది.

"రేపు గుడి దగ్గర పూజారిగారి చేత చేయిద్దాం వదినా. కాంప్‌గ్రౌండ్‌లో ఇదంతా ఎందుకు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"నవమి ఇవాళ. నీకోసం రేపటిదాకా కూర్చుంటుందా?"

"ఆముదం కూడా ఇట్లాగే మీ ఇష్టప్రకారం పోశారు."

"పోశాను. తిరగట్లేదా?"

తమ్ముడు రేడియో పెంచాడు. అక్కడి నుంచి మూడు గంటలు మరదలు నాతో మాట్లాడలేదు. అంతకుముందు నెల నుంచీ ఆమె రోజూ సాయంత్రం నాకు అక్షరాలు దిద్దిస్తోంది. ఙ దగ్గర ఆగిపోయాం. అది ఏ మాటలో వస్తుందో చెప్పమన్నాను, చెప్పలేకపోయింది. పనికిరాని అక్షరం నేనెందుకు దిద్దాలి అన్నాను. మేమిద్దరం అట్టా ఉండేవాళ్లం.

కాంప్‌గ్రౌండ్‌కి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. సీజన్ అయిపోయింది, మేం తప్ప ఒక్క బండి లేదు. మా వంతుకి వచ్చిన చోటు వెనక్కి వాలుగా ఉంది, వాలు చివర రాళ్లూ, వాగూ. తమ్ముడు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాడు. జాక్ కింద పలక వేసి, పిడి బిగువుగా తిరుగుతున్నా నొగ ఎత్తి, కారు విప్పి ముందుకి తీసి ఆపాడు. అంతవరకూ పద్ధతిగానే చేశాడు. మరదలు లోపలికి పోయి పప్పుకి కుక్కర్ ఎక్కించింది.

ఇల్లు సమంగా నిలవాలంటే నొగ కొంచెం దించాలి. తమ్ముడు పిడి తిప్పబోతే అది కదల్లేదు. రెండు చేతులా పట్టాడు. అయినా కదల్లేదు. కారులోంచి ఒక ఇనప గొట్టం తెచ్చి పిడికి తొడిగి, బరువంతా వేసి లాగాడు. లోపల టక్‌మంది.

"అక్కా, పిడి ఉత్తినే తిరుగుతోంది."

"శీల తెగింది."

"ఎట్లా తెగుతుంది?"

"గొట్టం పెట్టి లాగితే తెగక ఏం చేస్తుంది."

ఆముదం మాట నేను ఎత్తలేదు. వాడూ ఎత్తలేదు. లోపల మరదలు మాత్రం కిటికీ అద్దం మూసుకుంది.

"సరే, నొగ కింద ఒక మొద్దు పెట్టేద్దాం. రేపు ఎవరినైనా పిలుద్దాం," అని చెట్ల కింద నుంచి ఒక మొద్దు దొర్లించుకొచ్చాడు. నేల మీద బోర్లా పడుకుని చట్రం కిందకి దాన్ని తోస్తున్నాడు.

నేను సంచి తీసుకుని చక్రాల దగ్గరికి పోయాను. వెనక దిమ్మ ఉంటే నిమ్మకాయ చక్రం కింద ఇమడలేదు. దిమ్మ తీశాను. నిమ్మకాయ దూర్చాను. కుంకుమ పెట్టాను. రెండోవైపు పోయి అక్కడా దిమ్మ తీశాను. రెండూ అయ్యాక దిమ్మలు మళ్లీ పెడదామనే ఉద్దేశం. పెట్టబోయే ముందు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టుకున్నాను.

మా నాన్న కూడా ఆయుధపూజ రోజు బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాడు. కానీ ఎద్దుల్ని కట్టాక పెట్టేవాడు. ముందు కాడి కింద రెండు ఎద్దులు నిలబడి ఉండేవి. ఇక్కడ నా బండికి ముందు ఏమీ లేదు. ఇన్నేళ్లు ఆ పూజ చూసిన దాన్ని, ఆ తేడా నాకు తట్టలేదు.

ముందు నిమ్మకాయ వాసన వచ్చింది. తరవాత చక్రం కదలడం చూశాను.

దిమ్మ కాలి దగ్గరే ఉంది. తీసి చక్రం వెనక కుక్కాను. జానెడు దూరం వెనక్కి జరిగి ఇల్లు ఆగింది. అటువైపు పరిగెత్తి రెండో దిమ్మ కూడా కుక్కాను. ఇంతేగా అనుకున్నాను.

"అక్కా," అన్నాడు తమ్ముడు. గట్టిగా అనలేదు.

ముందుకి పోయి చూశాను. ఇల్లు వెనక్కి జరిగింది గాని జాక్ కాలు పలక మీదే ఉండిపోయింది. జాక్ వాలిపోయి, కాలు పలక అంచు మీద సగమే ఆని ఉంది. జాక్ వాలిన మేరకి చట్రం కిందకి దిగింది. చట్రానికీ మొద్దుకీ మధ్య మా తమ్ముడి కుడి చెయ్యి ఉంది. మణికట్టు ఇవతల, వేళ్లు అవతల.

"నలిగిందా?"

"ఇంకా లేదు. పట్టేసింది. లాగితే రావట్లేదు." చట్రం వైపు చూసి, "ఇంకో అరంగుళం దిగితే అయిపోతుంది," అన్నాడు.

ఆ చేత్తోనే వాడు కత్తి పట్టేది. వాడి బతుకంతా ఆ చెయ్యే.

అప్పుడు లోపల అడుగుల చప్పుడైంది. "ఏమైంది? ఎందుకు కుదిపారు?" అని మరదలు పొయ్యి దగ్గర నుంచి తెరిచి ఉన్న తలుపు వైపు వస్తోంది. ఆమె ఒక అడుగు వేసింది. వెంట్రుకవాసి చట్రం దిగడం నా కళ్లతో చూశాను. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు.

బండి ఎక్కినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మా నాన్న రోజుకి పదిసార్లు అరిచేవాడు, వెనక్కి జరగండమ్మా, ఎద్దుల మెడ మీద పడుతోంది బరువు అని. ఇరుసు ముందు కూర్చుంటే నొగ దిగుతుంది, ఇరుసు వెనక కూర్చుంటే నొగ లేస్తుంది. తలుపు ఇరుసుకి ముందుంది. మా మరదలు పట్నంలో పుట్టి పెరిగిన మనిషి, ఎద్దుబండి ఎక్కి ఎరగదు. మొగుడి చెయ్యి ఇరుక్కుంది అని నేను ఒక్క కేక పెడితే చాలు, ఆమె పరుగెత్తుకుంటూ తలుపు దగ్గరికి వస్తుంది. ఆ పరుగే వాడి చేతిని నలిపేస్తుంది.

నా గొంతు మూడు వీధులకి వినపడే గొంతు. దాన్ని ఎక్కడ పెట్టానో ఏమో, చిన్నప్పుడు తమ్ముణ్ణి నిద్రపుచ్చిన గొంతు తెచ్చుకున్నాను.

"అమ్మాయ్, ఆగు. ఎక్కడున్నావో అక్కడే ఆగు."

అడుగులు ఆగాయి. "ఎందుకు?"

"తరవాత చెప్తాను. పొయ్యి అందుతుందా? ఆపెయ్."

"ఇంకో విజిల్ రావాలి."

"ఆపెయ్ తల్లీ."

నేను ఆమెని అంతకుముందు ఎప్పుడూ తల్లీ అనలేదు. ఏదో జరిగిందని ఆ మాటతోనే ఆమెకి తెలిసిపోయింది. పొయ్యి ఆపిన చప్పుడైంది.

"ఆయన ఎక్కడున్నారు వదినా?"

"ఇక్కడే నా పక్కన ఉన్నాడు. ఒరేయ్, మాట్లాడు."

"బాగానే ఉన్నాను," అన్నాడు తమ్ముడు. ఆపరేషన్ గదిలో నర్సుతో మాట్లాడే గొంతు కాబోలు అది, నేనెప్పుడూ వినలేదు. "అక్క ఏం చెప్తే అది చెయ్యి. ఏమీ అడగొద్దు."

"ఇప్పుడు వెనక్కి తిరుగు," అన్నాను. "మంచం వైపు నడు. మెల్లగా, అడుగులో అడుగేస్తూ."

మూడు గంటలుగా నా మీద అలిగి ఉన్న మనిషి. ఆముదం వద్దంటే విననిదాన్ని, నిమ్మకాయలు వద్దంటే విననిదాన్ని నేను. ఆమె అప్పుడు ఇంకో ప్రశ్న వేసి ఉంటే నేను సమాధానం చెప్పలేకపోయేదాన్ని. వేయలేదు. నడిచింది. ఒకటి, రెండు, మూడు. ఇరుసు దాటింది. చట్రం మీద నుంచి నా చూపు తిప్పలేదు. నాలుగో అడుక్కి అది దారమంత పైకి లేచింది.

"మంచం ఎక్కి వెనక గోడకి ఆనుకో."

"ఆనుకున్నాను."

"నేను చెప్పేదాకా దిగొద్దు."

సింకు కింద బియ్యం సంచి ఉంది. అది కూడా వెనక్కి చేరిస్తే ఇంకో దారమంత లేస్తుంది. కానీ దానికోసం ఆమె మళ్లీ ముందుకి రావాలి. వద్దనుకున్నాను.

"లాగు," అన్నాను తమ్ముడితో. లాగాడు. కణుపుల దగ్గర పట్టేసింది, రాలేదు. ఇనప గొట్టం పక్కనే పడి ఉంది. దానితో మీటుదామా అనుకున్నాను. మీటితే నొగ పక్కకి పోతుంది, పలక అంచు మీద ఉన్న కాలు జారిపోతుంది. ఎత్తితే నిలువుగానే ఎత్తాలి. చిన్నప్పుడు నొగ ఎత్తి పట్టుకుంటే మా నాన్న కాడి కిందకి ఎద్దుల్ని తోలేవాడు. ఆ ఎత్తడం ఒకటే నాకు తెలుసు. చీర కుచ్చిళ్లు దోపి, గొంతుక్కూర్చుని, చట్రం కింద భుజం పెట్టాను. ఇనుము చల్లగా ఉంది.

"లేపుతున్నాను. రాగానే తియ్యి, నా మొహం చూస్తూ కూర్చోకు."

లేచాను. ఎంత లేచిందో తెలియదు. మోకాళ్లలో ఏదో చిట్లినట్టైంది. పక్కన నేల మీద వాడు దొర్లిన చప్పుడైంది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"మొత్తం వచ్చిందా?"

"మొత్తం వచ్చిందక్కా. వదిలెయ్."

నేను భుజం తీసి పక్కకి పడ్డాను. జాక్ కాలు పలక మీద నుంచి జారింది. చట్రం వచ్చి మొద్దు మీద దబ్బున కూర్చుంది. లోపల కుక్కర్ కింద పడి దొర్లింది.

"ఇప్పుడు రావచ్చా?" అంది మరదలు లోపల నుంచి.

నేను లేచి పోయి దిమ్మలు రెండూ కాలితో తన్ని చూసి, "రా," అన్నాను.

తమ్ముడు నేల మీదే కూర్చుని బొటనవేలితో మిగతా వేళ్లని ఒక్కొక్కటే ముట్టుకుంటున్నాడు. రోగికి చేసే పరీక్షలాగా. చూపుడువేలు ముట్టింది. మధ్యవేలు ముట్టింది. ఉంగరంవేలు సగం దాకా వచ్చి ఆగింది. చిటికెనవేలు వంగలేదు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. మరదలు వచ్చి ఆ చెయ్యి చూసింది. పోయి చక్రం కింద చితికిన నిమ్మకాయ చూసింది. దిమ్మ చూసింది. నా వైపు చూసింది. ఇక పడతాయి అక్షింతలు అని నేను సిద్ధంగా నిలబడ్డాను.

"ఇంకా నిమ్మకాయలున్నాయా?" అంది.

"నాలుగున్నాయి."

"ఒకటి నీళ్లలో పిండి, ఉప్పేసి ఇవ్వండి. ఆయనకి కళ్లు తిరుగుతున్నాయి."

పిండి ఇచ్చాను. గ్లాసు పట్టుకున్న నా చేతి మీద ఇంకా కుంకుమ ఉంది. ఆమె కారు తోలుకుని మమ్మల్ని దగ్గరి ఊళ్లో ఆసుపత్రికి తీసుకుపోయింది. చిటికెనవేలు ఎముక చిట్లింది. ఉంగరంవేలి కణుపు కమిలింది. ఆపరేషన్లు చేయగలడో లేదో వాపు తగ్గాక చూడాలి అన్నారు. గుడికి పోలేదు. ట్రైలర్‌ని వారం తరవాత ఎవరో లారీకి తగిలించి ఇంటికి చేర్చారు.

ఆ శీతాకాలం తమ్ముడు రోజూ పొద్దునా సాయంత్రం వేడినీళ్ల గిన్నెలో చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. చేతిలో ఒక స్పాంజి ముక్క పట్టుకుని నొక్కేవాడు, వదిలేవాడు. సూదీ దారం తెచ్చుకుని బట్ట మీద ముళ్లు వేసేవాడు, విప్పేవాడు. నేను వంటింట్లోంచి చూసేదాన్ని. ఎట్లా ఉంది అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఏ సంగతైనా మొహం మీద అడిగేదాన్ని, అది మాత్రం అడగలేకపోయాను.

చూస్తూ కూర్చోలేక జాక్ విప్పాను. గ్యారేజ్‌లో పాత పేపర్లు పరిచి, మూత తీసి, పళ్లచక్రాలు బయటికి లాగాను. ఆముదం తారులాగా నల్లగా, బంకగా పళ్ల మధ్య నిండిపోయి ఉంది. అందులో శీల రెండు ముక్కలు. కిరసనాయిల్లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో పంటికి పంటికి మధ్య గీకాను. లోపలి గొట్టం నేల మీద దొర్లించి చూస్తే సమంగా దొర్లలేదు, ఎగురుతోంది. వంగిపోయింది. ఇక దాన్ని నమ్మకూడదని కొత్తది తెప్పించాను. మరదలు డ్రాయర్‌లోంచి ఆ కాగితం తీసుకొచ్చి, గ్యారేజ్ మెట్టు మీద కూర్చుని తెలుగులో చదివి చెప్పింది.

"నూనెలు పోయకూడదు, గ్రీజే పెట్టాలి. పిడి బిగిసిపోతే బలవంతంగా తిప్పకూడదు, విప్పి చూడాలి. చక్రాలకి అడ్డం పెట్టకుండా వాహనం నుంచి విడదీయకూడదు. విడదీశాక అడ్డం తీయకూడదు."

"ఇది ఎప్పటినుంచి ఉంది?"

"కొన్నప్పటినుంచీ."

నేను గ్రీజు చేతులు తుడుచుకున్నాను. "రేపటినుంచి మళ్లీ దిద్దించు. ఙ నుంచే. ఎందుకని అడగనులే."

తమ్ముడు మళ్లీ ఆపరేషన్ గదిలోకి పోయేసరికి చలికాలం అయిపోయింది. మొదటి రోజు ఇంటికి వచ్చి, అన్నం కలుపుకుని తిన్నాడు. ఉంగరంవేలు బాగానే వంగింది. చిటికెనవేలు మాత్రం ముద్ద మీదకి రాకుండా పక్కకి నిక్కి నిలబడింది. ఇప్పటికీ అట్లాగే ఉంటుంది. దానితో నాకు పనిలేదు అంటాడు వాడు. నేను నమ్మినట్టు ఉంటాను.

తరవాతి దసరాకి నిమ్మకాయలు పెట్టాం. కారు తగిలించాక పెట్టాం, తమ్ముడు కారులో కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకున్నాక. అప్పటికి నాకు గుణింతాలు, వత్తులు అయిపోయాయి. ట్రైలర్ తలుపు లోపల ఒక అట్టముక్క అంటించి, దాని మీద వంకరటింకరగా రాశాను: ముందు దిమ్మలు. తరవాత జాక్. ఆ తరవాత కారు విప్పు. నేను సొంతంగా రాసిన మొదటి మాటలు అవే. మరదలు చదివి ఒక దీర్ఘం దిద్దింది, అంతే.

ఆ ట్రైలర్‌తో ఎనభైల్లో చాలా ఊళ్లు తిరిగాం. దిగిన ప్రతిచోటా తమ్ముడు కారు విప్పబోయే ముందు అడిగేవాడు.

"అక్కా, దిమ్మలు పెట్టావా?"

"పెట్టాను."

పెట్టానని చెప్పినా వచ్చి, రెండువైపులా కాలితో తన్ని చూసుకునేవాడు. ఏ ఒక్కసారీ నా మాట మీద ఊరుకోలేదు. నాకు కోపం రాలేదు. వాడు చూసి పోయాక నేను కూడా ఇంకోసారి తన్ని చూసేదాన్ని.